పన్నెండు మిల్లీమీటర్ల బతుకమ్మ

స్టీలు వంచడం గురించి నాకు తెలిసిందంతా మా ఆయనతో కొట్లాడుతూ నేర్చుకున్నదే. ఆయన షార్జాలో పెద్ద పెద్ద ట్యాంకులు చేసే కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసి, నడుం నొప్పి ఒకటి సంపాదించుకుని వచ్చి, కరీంనగర్ బయట రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. మూతబడ్డ ఫ్యాక్టరీలోంచి ఒక ముసలి రోలింగ్ మిషన్‌ను లారీలో తెప్పించాడు. కింద రెండు రోలర్లు, పైన ఒకటి. వాటి మధ్య మందపాటి ప్లేటు పెట్టి ముందుకూ వెనక్కూ నడిపిస్తూ పై రోలరు కొంచెం కొంచెం దించుతూ పోతే ప్లేటు మెల్లగా వంగి గుండ్రమవుతుంది. నడిపించడానికి రెండు బటన్లు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. ఆ బటన్ల దగ్గర నిలబడే మనిషిని నేను.

అంతకుముందు నేను బీడీలు చుట్టేదాన్ని. ఆకు చుట్టే చేతికి ఇనుము చుట్టే పని అప్పజెప్పాడు మహానుభావుడు. ఇనుము అంటే ఆయనకు కోపం. "ఇనుము గాదే, స్టెయిన్‌లెస్!" అంటాడు. నాకైతే బరువుగా ఉండి కాలిమీద పడితే కాలు పోయేదంతా ఇనుమే.

షెడ్డు పెట్టాం కానీ పని రాలేదు. గేట్లు చేసేవాళ్లకూ గ్రిల్లులు చేసేవాళ్లకూ సన్న పైపులు చాలు. వేలెడు మందం స్టీలు తెచ్చి గుండ్రంగా వంచి పెట్టమని అడగాలన్న బుద్ధి కరీంనగర్‌లో ఎవరికి పుడుతుంది? ఇంతలో షార్జా నుంచి పాత ఫోర్‌మన్ ఫోను చేసి మళ్లీ రమ్మన్నాడు. మా ఆయన "దసరా అయినంక చెప్త" అన్నాడు. నాకు మాత్రం ఆ రోజే చెప్పేశాడు.

"ఒక్క పెద్ద పని, నలుగురు సూసే పని చేస్త. దాన్ని జూసి పని వస్తే ఉంట. రాకుంటే పోత. నువ్వు లొల్లి పెట్టొద్దు."

లొల్లి పెట్టకుండా ఎట్లా ఉంటాను? నాకు ఆయన ఇక్కడ కావాలి. ఫోనులో సంసారం చేసి చేసి నాకు విసుగొచ్చింది. కూర ఏం వండావంటే చెప్పడం, జ్వరం తగ్గిందా అంటే తగ్గిందని అబద్ధం చెప్పడం, ఇదేనా బతుకు? ఇంకో సంగతి కూడా ఉంది. గల్ఫ్‌కు పోయొచ్చే మనిషి నోటినుంచి 'వచ్చేయేడు' అన్న మాట రాదు. వచ్చేయేడు వానలకు షెడ్డు ముందు నిమ్మ చెట్టు పెడదామా అంటే "సూద్దాం" అంటాడు. వచ్చేయేడు మా చెల్లె ఇంట్లో పెళ్లికి ఇద్దరం పోదామా అంటే "సూద్దాం". ఆ సూద్దాం వినీ వినీ నా చెవులు కాయలు కాశాయి.

సరిగ్గా అప్పుడే మా నాన్న తమ్ముడు, మా చిన్నబాపు దిగాడు. మా తల్లిగారి ఊరు లక్సెట్టిపేట దగ్గర, గోదావరి ఒడ్డున. చిన్నబాపు ఆ ఊరి యువజన సంఘం అధ్యక్షుడు. ఆయనకు మనవలున్నారు, తల పండిపోయింది, అయినా యువజన సంఘాన్ని ఇంకొకరికి అప్పజెప్పడు. వచ్చీరాగానే స్టూలు మీద కూర్చుని మా ఆయనతో మొదలుపెట్టాడు.

"అల్లుడా, తంగేడు పువ్వు దొరుకుత లేదు, గునుగు పువ్వు దొరుకుత లేదు. దొరికింది జూస్తే పేర్చేలోపట్నే వాడుతుంది. గోదారి అవతలి ఊరోళ్లు మాకంటె పొడుగు బతుకమ్మను పేర్చి మమ్ముల జూసి నవ్వుతున్నరు. మాకు వాడనిది గావాలె. స్టీలుది."

మా ఆయన మొహం వెలిగింది. "చేద్దాం మామా. రెండు మిల్లీమీటర్ల రేకుతోని మంచిగ అయితది."

"రేకా? మా ఊరి బతుకమ్మ ఏమన్న నూనె డబ్బానా? నువ్వు వంచేటియిల అన్నిటికంటె దొడ్డుది ఏది?"

"పన్నెండు మిల్లీమీటర్లు. గని గంత మందం ఎందుకు మామా, బరువైతది..."

"గదే పెట్టు. గాలొచ్చినా, వానొచ్చినా, అవతలోళ్లు వచ్చినా కదలొద్దు."

రేవు పైన రోడ్డు పక్కకే గద్దె కట్టి దాన్ని శాశ్వతంగా నిలబెడతామని చెప్పాడు చిన్నబాపు. బస్సులో పోయేవాళ్లందరికీ కనబడుతుంది. మా ఆయన నా వైపు చూశాడు. నలుగురు చూసే పని దొరికింది. నాకు మా చిన్నబాపు కాళ్లు మొక్కాలనిపించింది, మొక్కలేదు కానీ చాయ్‌లో చక్కెర ఎక్కువేశాను.

ప్లేట్లు వచ్చాయి. ఒకవైపు అద్దంలా మెరుపు, ఇంకోవైపు బూడిదరంగు. అవి షెడ్డులో దిగిన రోజు నుంచి మా ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. మామూలు ఇనుప రవ్వ ఒక్కటి స్టీలుకు అంటుకున్నా అక్కడ తుప్పు మచ్చ వస్తుందట. అందుకని షెడ్డంతా కడిగించాడు. చెప్పులు బయట విడవమన్నాడు. చివరికి ఒకరోజు రోలర్లకు ఏవో పువ్వుల గుడ్డలు చుట్టి కనబడ్డాయి. దగ్గరికి పోయి చూస్తే నా నూలు చీరలు.

"నా చీరలు గదర దేవుడా!"

"పాతయే గదనే."

"పాతయి గాదు, రోజూ కట్టుకునేటియి! నువ్వు షార్జా పోతే నేనేం గట్టుకోవాలె, గీ రోలరునా?"

అయినా ఆ చీరలు అట్లాగే ఉన్నాయి. పెళ్లయ్యాక నాకంటే ముందు ఆ మిషన్‌కే చీర పెట్టిన మనిషి మా ఆయన.

మామూలు గుండ్రం చేయడం ఆయనకు ఎడమచేతి పని. ప్లేటు రోలర్ల మధ్య వంగుతుంది, వదలగానే కొంత మళ్లీ విప్పుకుంటుంది. అందుకే కావలసినదానికంటే కొంచెం ఎక్కువ వంచాలి. ఎక్కువసార్లు ఒత్తితే ఆ స్టీలు మెత్తబడకపోగా ఇంకా గట్టిపడుతుంది. ఎంత నొక్కితే అంత మొండికేస్తుంది. "గిది నీ జాతిదే" అన్నాడు నాతో. ఆ మాట అన్నందుకు ఆ పూట చారు నీళ్లే పోశాను.

కానీ బతుకమ్మ గుండ్రం ఒక్కటే కాదు కదా. కింద వెడల్పు, పైకి పోతున్నకొద్దీ సన్నం. ఐదు వరుసలు, ఐదూ ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. విసనకర్రలా కోసిన ప్లేటును వంచితేనే అట్లా వస్తుంది. షార్జాలో ఆయన చేసినవన్నీ నిటారు ట్యాంకులే. ఏటవాలువి వేరే షెడ్డువాళ్లు చేసేవాళ్లట. ఆ సంగతి మా చిన్నబాపుకు చెప్పలేదు, నాకు మొదటి ప్లేటు మెలితిరిగి మిషన్‌లోంచి అడ్డంగా బయటికొచ్చాక చెప్పాడు.

ఆ ప్లేటు చూసి నేను చాలాసేపు నవ్వాను. ఆయనకు కోపం వచ్చింది. తర్వాత దాన్ని చూస్తుంటే నాకు నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే ఇది కాకపోతే ఆయన విమానం ఎక్కుతాడు. ఎక్కడ తప్పు జరుగుతుందో నాకు కనబడుతూనే ఉంది. బీడీ కూడా అట్లాంటిదే. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. ఆకు రెండువైపులా ఒకే వేగంతో తిప్పితే మెలిపడుతుంది. సన్నకొసను వేలితో ఆపి పట్టి, వెడల్పు కొసను తిరగనివ్వాలి.

"సన్నది ఉన్న దిక్కు ఆపి పట్టు," అన్నాను. "బీడీ సుట్టినట్టు."

"ఇది బీడీ గాదు."

"నాకు తెల్వదా బీడీ గాదని? బీడీ అయితే నువ్వెందుకు, నేనే సుట్టి పడేద్దును."

మర్నాడు చూస్తే సన్నవైపు మిషన్‌కు ఒక మందపాటి దిమ్మె బిగించి పెట్టాడు. ప్లేటు అంచు దానికి ఆనుకుని ఆగి ఆగి జరగాలి. నేను చెప్పిందే, కానీ ఆయన నోటితో ఒప్పుకోడు. నేను ముందుకు బటన్ ఒత్తుతాను, ఆయన "ఆపు!" అంటాడు, ఆపుతాను. కొంచెం వెనక్కి. మళ్లీ ముందుకు. ప్లేటు దిమ్మెకు రాసుకుని చేసే చప్పుడుకు పక్క షెడ్డువాళ్లు వచ్చి ఎవర్నైనా చంపుతున్నారా అని అడిగారు. ఇంకా లేదు అన్నాను. ఆ రోజు మొదటి వరుస వంగి, అంచుకు అంచు వచ్చి కలిసింది. ఆయన దాని చుట్టూ తిరిగి, మధ్యలోకి దూరి నిలబడి, తల బయటపెట్టి నా వైపు చూసి పండ్లు ఇకిలించాడు.

మూడో వరుస దగ్గర కొట్లాట వచ్చింది. సంగతి పెద్దదేం కాదు, ఫోర్‌మన్ మళ్లీ ఫోను చేశాడు, ఈయన "ఆఁ, వస్త వస్త" అన్నాడు. "ఏడికి వస్తవ్? మాట ఏమిచ్చినవ్ నాకు?" అని నేను అందుకున్నాను. ఇద్దరం అరుచుకుంటూనే ప్లేటు ఎక్కించాం, అరుచుకుంటూనే వంచాం. అంతా అయ్యాక చూస్తే మెరిసే మొహం లోపలికి పోయింది, బూడిదరంగు బయటికొచ్చింది. మళ్లీ విప్పి చదును చేద్దామంటే వీల్లేదు, గట్టిపడి కూర్చుంది. చిన్నబాపు చూడ్డానికి వస్తే ఏం చెప్పాలో తెలియక ఇద్దరం ఆకాశం చూస్తూ నిలబడ్డాం. ఆయన దగ్గరికి పోయి తడిమి, "మంచిగ జేసినవ్ అల్లుడా. గునుగు పువ్వు వరుస గట్లనే మబ్బుగ ఉంటది" అన్నాడు.

అన్ని వరుసలూ అతికించాక పైన గుమ్మడిపువ్వు, కింద అడుగు ప్లేటు. వెల్డింగ్ అంతా అయిపోయింది. ఇక తోలుకుపోవడమే అనుకుంటే ఈయన దానికి ఒక చిన్న రంధ్రం పెట్టి లోపలికి గాలి కొట్టడం మొదలుపెట్టాడు. తర్వాత నా షాంపూ ప్యాకెట్లన్నీ బకెట్లో పిండి, నురుగు చేసి, బ్రష్షుతో అతుకుల మీద పూస్తూ బుడగలు వస్తున్నాయేమోనని ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"ఏంజేస్తున్నవ్?"

"లీకు ఉన్నదేమో సూస్తున్న."

"బతుకమ్మల ఏమన్న పెట్రోలు పోస్తరా?"

"చేతికి అట్లనే అలవాటైంది. లీకున్నది నా చేతికిందికెల్లి బయటికి పోదు."

ఒక బుడగ వచ్చింది. అక్కడ గీకి మళ్లీ వెల్డింగ్ చేసి, మళ్లీ నురుగు పూసి, ఒక్క బుడగ కూడా లేదని తేలాక రంధ్రానికి బోల్టు బిగించాడు. ఈయనకు నిజంగానే నడుంతోపాటు బుర్ర కూడా అరిగిందని అప్పుడనుకున్నాను.

సద్దుల బతుకమ్మ నాటికి దాన్ని ఊరికి చేర్చాం. గద్దె ఇంకా కట్టలేదు. యువజన సంఘంలో ఎవరు కట్టాలన్న పంచాయితీ తెగలేదట. అందుకని జేసీబీతో దింపి, నీళ్ల పక్కనే చెక్క దిమ్మెల మీద నిలబెట్టారు. పొద్దు వాలుతుండగా ఆ ఎండ పడి మా బతుకమ్మ ఎట్లా మెరిసిందనుకున్నారు! బస్సు ఆపి మరీ చూశారు జనం. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరైనా అడుగుతారేమోనని దాని పక్కనే నిలబడ్డాడు. ముగ్గురు నలుగురు అడిగారు కూడా, మిషన్ ఎక్కడ, షెడ్డు ఎక్కడ అని. నా గుండె కుదుటపడింది. ఆడవాళ్లమంతా దాని చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి కాళ్లు నొప్పులు పుట్టేదాకా ఆడాం.

ఆట ముగిసింది. ఇంటినుంచి తెచ్చిన చిన్న చిన్న పూల బతుకమ్మలను నీళ్లలో వదిలారు. ఇక ఇళ్లనుంచి కట్టి తెచ్చిన సద్దులు, సత్తుపిండి పంచుకుని తినడమే. అప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, లేచి నిలబడింది.

"పెద్ద బతుకమ్మను ఎప్పుడు సాగనంపుడు?"

చిన్నబాపు నవ్వాడు. "వదినా, అది సాగనంపేది గాదు. ఈడనే ఉంటది."

"ఆడినంక నీళ్లల్ల ఇడువకుంట ఒడ్డుమీద వెడతరా? గౌరమ్మను ఏం జేస్తున్నర్రా మీరు? పిలిచి, ఆడి, ఇంటికి పంపకుంట ఊరి బయట నిలవెడతరా?"

ఒక్క ఆడమనిషి కూడా కాదనలేదు. ఎట్లా అంటారు? నాకూ తెలుసు, ఆడిన బతుకమ్మ నీళ్లలోకి పోవాల్సిందే. పోకుండా సద్దులు ముట్టరు. సత్తుపిండి గిన్నెల మీద మూతలు పడ్డాయి. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు, తల్లులు కదలరు. ఇంతమంది మగవాళ్లు, ఇంత పెద్ద సంఘం, దీన్ని చేయించే ముందు ఒక్కడికైనా ఈ ఆలోచన రాలేదు. మాకు మాత్రం వచ్చిందా? ఏటవాలు ఎట్లా వంచాలన్న ధ్యాసే తప్ప, బతుకమ్మ అన్నాక నీళ్లలో వేస్తారన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

నేను అవ్వ మీదికి పోయాను. "అవ్వా, గది నీళ్లల్ల వడితే మునుగుతది. మునిగితే పని రాదు, మా ఆయిన షార్జా పోతడు. నీకు నీ బిడ్డ గావాల్నా, గౌరమ్మ గావాల్నా?"

"నోరు ముయ్యి. గౌరమ్మను అట్లంటరా?" అంది అవ్వ. కానీ ఆమె కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. గిన్నె మీద మూత మాత్రం తీయలేదు.

మా ఆయన అన్నీ వింటూ నిలబడ్డాడు. చివరికి తనే జేసీబీ దగ్గరికి పోయాడు. డ్రైవరు ఉట్నూర్ పిలగాడు, "పొద్దున దించిన, ఇప్పుడు ముంచాల్నా? మీ ఊరోళ్లకు మతి ఉన్నదా అన్నా?" అన్నాడు. మా ఆయన బెల్టులు తగిలించి, చెయ్యి ఊపాడు. బతుకమ్మ గాల్లోకి లేచింది. నా చీరలు చుట్టిన రోలర్లు, ఆ చప్పుడు, ఆ అరుపులు అన్నీ గుర్తొచ్చి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని నీళ్ల మీదికి దించాక బెల్టులు జారవిడిచారు. అందరం కళ్లు మూసుకున్నాం.

బుడుంగుమన్న చప్పుడు రాలేదు. కళ్లు తెరిస్తే అది తేలుతోంది. అంత బరువు స్టీలు, మోకాలి లోతు కూడా మునగకుండా, నిటారుగా, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కూర్చుని మెల్లగా తిరుగుతోంది. ఒక్క బుడగ లేకుండా నా షాంపూతో చూసి మూసిన డబ్బా కదా, నీళ్లు ఎటునుంచి పోతాయి? ఆడవాళ్లంతా ఒక్కసారి "ఓయమ్మో" అని చేతులు జోడించారు. మా అవ్వ మాత్రం ఇది మామూలే అన్నట్టు గిన్నె మూత తీసి సత్తుపిండి పంచడం మొదలుపెట్టింది.

"ఆపుండ్రి! పోతుంది! అవతలి దిక్కు పోతుంది!" అని చిన్నబాపు ఒడ్డున ఉరుకుతున్నాడు. ఎవరు ఆపుతారు? గాలి అటే ఉంది. సాగనంపిన బతుకమ్మను చెయ్యి పెట్టి వెనక్కి లాగడానికి ఆడవాళ్లు ఒప్పుకోలేదు. మా ఆయన సత్తుపిండి ముద్ద చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా, అది కనబడినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున అవతలి ఊరి నుంచి ఫోను వచ్చింది, మీ బతుకమ్మ మా రేవుకొచ్చిందని. బ్రిడ్జి మీదుగా ఆటోలో పోయాం, చిన్నబాపు, అవ్వ, మేమిద్దరం. అప్పటికే వాళ్లు దానికి పసుపు కుంకుమ పెట్టి, చుట్టూ ముగ్గేశారు. చిన్నబాపు తిరిగి ఇమ్మన్నాడు. వాళ్ల పెద్దమనిషి, యువజన సంఘం అధ్యక్షుడేనట, ఆయన తల కూడా పండిపోయింది, "మీరు సాగనంపిండ్రు, గంగమ్మ మాకిచ్చింది. మేమెందుకిస్తం?" అన్నాడు. చిన్నబాపు మా అవ్వ వైపు చూస్తే అవ్వ, "సాగనంపినంక మల్ల తెచ్చుకునుడు ఏంది? ఇంకోటి చేయించుకో" అనేసింది. ఇద్దరు అధ్యక్షులూ గట్టిగా అరుచుకోవడం మొదలుపెట్టారు.

మా ఆయనకు ఆ గొడవ పట్టలేదు. నీళ్లలో దిగి, బతుకమ్మ అడుగు నుంచి పైదాకా అతుకుల వెంట అరచెయ్యి రాస్తున్నాడు. పిడికిలితో తట్టి చెవి ఆనించాడు. బోల్టు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత అక్కడే నడుం పట్టుకుని నిలబడి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"నీళ్లల్ల బాగ తిరుగుతుంది. వచ్చేయేడు అడుగున జర బరువు పెట్టాలె."

నేను విన్నది నిజమేనా అని ఆగాను. "ఎప్పుడు?" అన్నాను.

"వచ్చేయేడు. చెవుడా నీకు?"

"ఎవలు పెడతరు?"

"నేనే. నువ్వు లొల్లి వెట్టకుంట బటన్ సక్కగ ఒత్తితే."

నేను ఆ రేవులోనే, చీర తడుస్తున్నా పట్టించుకోకుండా, బోరున ఏడ్చేశాను. "ఏడుపెందుకే, రెండూర్లోళ్లు సూస్తున్నరు" అని దానికీ కోప్పడ్డాడు.